నాయన తాగుడు, నా తాగుడు: చిన్నప్పటి ఇంటిని ఇప్పుడు తవ్వుకోవాలా?

మిల్లు వీధి (ఆదోని)

అందరికీ నమస్కారం. నాకు ముప్పై ఆరేళ్లు. ఈ మధ్యనే ఆసుపత్రిలో చేరి తాగుడు మానేశాను. మాత్రలు వాడుతున్నాను, పనికి వెళుతున్నాను. వైద్యం గురించి అడగడానికి రాలేదు, వేరే సందేహం ఉంది.

వార్డులో ఉన్నప్పుడు కౌన్సెలర్ ఒక నోటుబుక్కు చేతికిచ్చి, మీ చిన్నప్పటి ఇల్లు ఎలా ఉండేదో రాసుకురండి అన్నారు. ఇంతవరకు ఒక్క వాక్యం రాయలేదు. మా నాయన ఇక్కడే జిన్నింగు మిల్లులో హమాలీ. తాగేవాడు, అమ్మను కొట్టేవాడు. నేను ఇంటర్ చదివేటప్పుడు కామెర్లతో పోయాడు. పోయిన మనిషి మీద నెపం వేసి నేను తప్పించుకున్నట్టు అవుతుందేమోనని భయం. అమ్మతో అంటే, "పోయినవాడి గుట్టు ఇప్పుడు రచ్చకెక్కించి ఏం బాగుపడతావు?" అంది.

కానీ ఒక సంగతి నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. చిన్నప్పుడు నాయన సైకిలుకు స్టాండు వేసే చప్పుడును బట్టి ఎంత తాగాడో చెప్పేవాణ్ణి. ఒక్క తన్నుకు స్టాండు పడితే ఆ పూట కూర్చుని అన్నం తినవచ్చు. ఇనుము రెండు మూడుసార్లు బండకు గీరుకుంటే చెల్లెలిని చంకనేసుకుని పక్కింటి వాకిట్లోకి వెళ్లిపోవాలి. మొన్న నేను పని నుంచి వచ్చి బండి ఆపి లోపలికి అడుగు పెట్టేసరికి మా అబ్బాయి పుస్తకం మూసేసి తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. ఏడేళ్లవాడు. నా కాళ్ల వైపే చూస్తున్నాడు, తడబడుతున్నాయా లేదా అని. నేను తాగలేదు. వాడికి ఆ నమ్మకం కుదరడానికి కాసేపు పట్టింది.

ఇవన్నీ తవ్వుకుంటే మళ్లీ తాగాలనిపించదా? అనుభవమున్నవారు చెప్పండి.


వేరుశనగ రైతు (కళ్యాణదుర్గం)

మానేశావు తమ్ముడూ, చాలా సంతోషం. కానీ ఈ చిన్నప్పటి కథల మీద నాకు నమ్మకం లేదు. మా నాయన తాగి తాగి బోరు ఉన్న చేను పోగొట్టాడు. నేను ఈ రోజు వరకు చుక్క ముట్టలేదు. మా తమ్ముడు అదే ఇంట్లో, అదే సంగటి తిని పెరిగాడు, వాడు తాగుతాడు. ఇల్లే కారణమైతే ఇద్దరమూ తాగాలి కదా? ఈ కరువు సీమలో ఎవరి బాల్యం సుఖంగా గడిచింది? మనిషికి పట్టుదల కావాలి. నోటుబుక్కు పక్కన పెట్టి పని చూసుకో.


హంద్రీ ఒడ్డు (కర్నూలు)

నేను మానసిక వైద్య విభాగంలో సోషల్ వర్కర్‌ని. రైతన్న అడిగినది తేలిగ్గా కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. అన్నదమ్ములిద్దరిలో ఒకరు తాగి, ఒకరు ముట్టని ఇళ్లు మా దగ్గరికి తరచుగా వస్తుంటాయి.

ముందు రక్తం సంగతి. కవలల మీద, దత్తు పిల్లల మీద జరిగిన పరిశోధనలు కలిపి చూస్తే మద్య వ్యసనం వచ్చే అవకాశంలో దాదాపు సగం వంశపారంపర్యం. 1973లో డొనాల్డ్ గుడ్విన్ బృందం డెన్మార్క్‌లో ఒక పరిశీలన చేసింది. తల్లిదండ్రుల్లో ఒకరికి వ్యసనం ఉండి, పొత్తిళ్లలోనే వేరే ఇళ్లకు దత్తు వెళ్లిన మగపిల్లల గురించి ఆరా తీశారు. పెద్దయ్యాక వారిలో వ్యసనం మిగతా దత్తు పిల్లల కంటే సుమారు నాలుగు రెట్లు కనిపించింది. అయినా, వారిలో ఎక్కువమంది వ్యసనపరులు కాలేదు. ఈ రెండో మాట కూడా మొదటి మాటంత గట్టిగా చెప్పాలి.

మిగతా సగంలో ఇల్లు, వీధి, స్నేహితులు, మందు దొరికే తీరు అన్నీ ఉంటాయి. ఇంటి గురించి అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా 1998లో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. తొమ్మిది వేల మందికి పైగా పెద్దవాళ్లను చిన్ననాటి సంగతులు అడిగారు: దెబ్బలు తిన్నారా, లైంగిక వేధింపు జరిగిందా, తల్లిని కొడుతుంటే చూశారా, ఇంట్లో తాగేవారు గానీ జైలుకు వెళ్లినవారు గానీ ఉన్నారా, ఇలాంటివి. అందులో నాలుగు లేదా అంతకు మించిన రకాల కష్టాలు చూసినవారిలో, ఏ కష్టమూ చూడనివారితో పోలిస్తే తాగుడు వ్యసనం ఏడు రెట్ల దాకా ఎక్కువ కనిపించింది. మిల్లు వీధి అన్నా, మీరు రాసిన ఆ నాలుగు వాక్యాల్లోనే అలాంటివి రెండు ఉన్నాయి.

ఇందులో శరీరం పాత్ర కూడా ఉంది. ప్రతి సాయంత్రం భయంతో చెవులు రిక్కించి పెరిగిన పిల్లవాడి ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు పద్ధతిగా దిగవు. పెద్దయ్యాక చిన్న మాటకే గుండె దడదడలాడుతుంది, నిద్ర పట్టదు. అలాంటి మనిషికి మొదటి గ్లాసు పడగానే లోపలి రొద ఒక్కసారి ఆగుతుంది. పక్కనున్న స్నేహితుడికి అది కాలక్షేపం, ఇతనికి ఉపశమనం. ఉపశమనం కోసం తాగేవాడికే తొందరగా అలవాటు పడుతుంది.

ఇక రైతన్నా, మీ గురించి. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, తాగుడు, ఇంట్లో కలతలు వంటి కష్టాలు ఎక్కువగా మీదపడిన పిల్లల్లో మూడోవంతు మంది నిలకడగా, బాధ్యతగా ఎదిగారు. వారి జీవితాల్లో మళ్లీ మళ్లీ కనిపించినది ఒకటి ఉంది. తల్లిదండ్రులు కాకపోయినా, వాళ్లను కనిపెట్టుకుని ఉన్న ఒక పెద్ద దిక్కు. అవ్వో, అత్తో, టీచరో ఎవరో ఒకరు. మీకు అలాంటి వారు ఎవరైనా ఉన్నారా? మీ తమ్ముడికి లేకుండా మీకు మాత్రమే ఉన్నారా?


బుగ్గవంక (కడప)

ఇవన్నీ చదువుతుంటే ఒళ్లు మండుతోంది.

నా భర్త చిన్నతనం నాకు తెలుసు. తల్లి పోయింది, సవతి తల్లి అన్నం దగ్గర లెక్కలు చూసేది, తండ్రి బెల్టుతో కొట్టేవాడు. తాగిన రాత్రుల్లో తనే చెప్పి ఏడుస్తాడు. నేనూ ఎన్నోసార్లు తనతో కలిసి ఏడ్చాను. మరునాడు మళ్లీ తాగి వచ్చి నా మీద చెయ్యి చేసుకుంటాడు. ఆయన చిన్నప్పటి బాకీ నా వీపు మీద ఎందుకు తీర్చుకోవాలి? కారణాలు వెతికే వాళ్లందరూ మగవాడి కారణాలే వెతుకుతారు. మా ఆడపిల్ల రాత్రి పక్క తడుపుతోంది, తొమ్మిదేళ్లు వచ్చాయి. దాని కారణం ఎవరు వెతుకుతారు?

ఇంకో సంగతి అడగాలి. మా ఆడపడుచు ఒక పొడి తెచ్చి ఇచ్చింది. పప్పులో కలిపి పెడితే తాగగానే వాంతులై ఇక మందు వాసనే పడదట. పెట్టవచ్చా? వచ్చే కార్తీకంలో మాల వేసుకుంటానంటున్నాడు. పోయినసారి మాల ఉన్నన్నాళ్లు ముట్టలేదు. ఇరుముడి దించి వచ్చిన సాయంత్రమే మొదలుపెట్టాడు.


హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అక్కా, ఆ పొడి పెట్టకండి. దయచేసి ఈ రోజే పారేయండి.

అలాంటి పొడుల్లో ఏముంటుందో ఎవరూ చెప్పరు. డైసల్ఫిరామ్ అనే మందు కలిసి ఉండే ప్రమాదం ఉంది. అది 1948 నుంచి వైద్యంలో ఉన్న అసలైన మందే, మేమూ వాడతాం. కానీ రోగికి చెప్పి, ఒప్పించి, గుండె, కాలేయం పరీక్షించాకే మొదలుపెడతారు. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె పరుగులు పెట్టి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. తెలియక తాగేవాడు ఆగడు కాబట్టి ముప్పు ఇంకా ఎక్కువ.

మాల గురించి. ఆ దీక్షను నేను తక్కువ చేయను. 41 రోజులు ముట్టకుండా ఉండగలిగాడంటే ఉండగలడన్నమాట. కాకపోతే రోజూ ఎక్కువగా తాగే మనిషి మాల వేసుకున్న రోజే ఒక్కసారిగా ఆపేస్తే, మొదటి రోజు నుంచే చేతులు వణుకుతాయి. రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనిపిస్తాయి. దాన్ని దేవుడు పూనాడనో, గాలి సోకిందనో అనుకుని గుడి చుట్టూ తిప్పితే మనిషి దక్కకపోవచ్చు. అది ఆసుపత్రిలో చూడవలసిన స్థితి. బి1 విటమిన్ ఇంజక్షన్లు, వణుకు తగ్గే మందులు ఇస్తే కొద్ది రోజుల్లో గట్టెక్కుతారు. అందుకే మాలకు ముందే ఒకసారి డాక్టరుకు చూపించండి. ఆ 41 రోజులు వైద్యం కూడా సాగితే, ఇరుముడి దించిన సాయంత్రం చేతిలో ఇంకేదైనా ఆధారం ఉంటుంది.

మీ కోపం న్యాయమైనది. ఆయన బాల్యం ఆయన తాగుడుకు కారణం కావచ్చు, మిమ్మల్ని కొట్టడానికి అనుమతి కాదు. 2005 గృహహింస చట్టం కింద మీరు భర్తతోనే ఉంటూ కూడా రక్షణ ఉత్తర్వులు పొందవచ్చు. 181కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. పాపను కూడా తప్పకుండా తీసుకురండి. తొమ్మిదేళ్ల పిల్ల పక్క తడుపుతుంటే ముందు మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం లాంటివి ఉన్నాయేమో చూస్తారు. అవేమీ లేకపోతే భయం సంగతి చూస్తారు. పాపను మాత్రం తిట్టకండి.


మగ్గం చప్పుడు (ధర్మవరం)

పాప గురించి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను అలాంటి పాపనే. ఇప్పుడు నాకు నలభై దాటాయి.

మాది పట్టు మగ్గం ఇల్లు. నాన్న మంచి పనివాడు, చెంగు ఎత్తితే వీధంతా చూడటానికి వచ్చేది. చీర దింపి షావుకారు దగ్గర కూలి తీసుకున్న రోజు ఇంటికి ఏ వేళకు వస్తాడో తెలియదు. నేను పెద్దదాన్ని కాబట్టి ఆ రోజు బడి మానేసి షావుకారు అంగడి ముందు నిలబడేదాన్ని. "నాన్నా, బియ్యం" అని చెయ్యి చాచాలి. నలుగురిలో అడిగితే ఇస్తాడని అమ్మ లెక్క. ఎనిమిదేళ్ల వయసులో నాకు వడ్డీ లెక్కలు వచ్చు, ఎవరి దగ్గర ఎంత బాకీ ఉందో వచ్చు, తమ్ముళ్లను నిద్రపుచ్చడం వచ్చు. ఆడుకోవడం మాత్రం రాలేదు. అందరూ "ఎంత బుద్ధిమంతురాలు" అనేవారు. ఆ పొగడ్తే నన్ను ఇప్పటికీ వదలలేదు.

నేను తాగలేదు, తాగేవాణ్ణి చేసుకోలేదు. రైతన్న లెక్కలో నేను గెలిచినట్టే. కానీ నా భర్త పది నిమిషాలు ఆలస్యమైతే నా కడుపులో తిప్పుతుంది. గట్టిగా నవ్వితే అనుమానం వస్తుంది. వచ్చి పక్కన కూర్చోగానే నాకు తెలియకుండానే వాసన చూస్తాను. పెళ్లయి ఇన్నేళ్లయినా. ఆయనకు ఇది ఎంత అవమానమో ఒకరోజు చాలా నెమ్మదిగా చెప్పారు. నా పిల్లలను ఒక్క నిమిషం వాళ్ల మానాన వదలను. నా తమ్ముళ్లలో చిన్నవాడు తాగుతున్నాడు. వాడి బాకీలు నేను కడుతున్నాను, చిన్నప్పుడు నాన్న బాకీలు తీర్చినట్టే.

మిల్లు వీధి తమ్ముడికి చెప్పాలనుకున్నది వేరే. నాన్న చివరి రోజుల్లో తాగుడు మానేశాడు. ఇల్లు స్వర్గమైపోతుందనుకున్నాం. నిజానికి గొడవలు ఎక్కువయ్యాయి. అన్నేళ్లు అమ్మ ఒక్కతే ఇల్లు నడిపింది, ఇప్పుడు ఆయన వచ్చి పెత్తనం అడిగితే ఇవ్వడానికి ఆమెకు మనసు రాలేదు. తమ్ముళ్లు ఆయన మాట వినలేదు. నేను ఆయన జేబులు వెతకడం మానలేదు. ఆయన మారినంత వేగంగా మేము మారలేకపోయాం. మాకు కూడా కొంత వైద్యం కావాలని అప్పట్లో ఎవరూ చెప్పలేదు. నీ కొడుకు నీ కాళ్లు చూశాడంటే వాడి మీద కోపం తెచ్చుకోకు. కొన్నాళ్ల పాటు చూస్తూనే ఉంటాడు. చూడనివ్వు.


ఎమ్మిగనూరు వాసి

బాల్యం, బాల్యం అంటున్నారు. వీధి చివర దుకాణం ఉంది. 2024 అక్టోబరు నుంచి 99 రూపాయలకే క్వార్టర్ అన్నారు. సరిహద్దు దాటితే కర్ణాటక ప్యాకెట్లు. మన జిల్లా మనిషి కోట్ల విజయభాస్కర రెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉండగా 1993 అక్టోబరు 1న సారా నిషేధించారు, ఆ ముందటి ఏడాది నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు తిరగబడినందుకే కదా. దుకాణం లేకపోతే ఏ బాల్యమూ ఎవరినీ తాగించదు.


నిర్వాహకులు

మద్య విధానం మీద వేరే చర్చ నడుస్తోంది, ఆ వాదన అక్కడ కొనసాగించగలరు. ఇక్కడ ఇళ్ల గురించి మాట్లాడుకుందాం. అత్యవసరం అయిన వారికి: వ్యసన విముక్తికి 14446, మానసిక సహాయానికి టెలి మానస్ 14416, పిల్లల కోసం 1098. మూడూ ఉచితం.


ఒకటో తరగతి టీచరు (కోసిగి మండలం)

ఎమ్మిగనూరు వాసి గారి మాటతో నేను సగం ఏకీభవిస్తాను. దుకాణం దగ్గరగా ఉంటే చిన్న చెయ్యి కూడా అందుకుంటుంది. తండ్రి కోసం సీసా తెచ్చిపెట్టే పిల్లలు నా తరగతిలోనే ఉన్నారు. దేవరకు, పెళ్లికి "ఒక్క గుక్క, ఏం కాదు, జలుబు పోతుంది" అని పసివాళ్ల నోట్లో పోసే పెద్దలున్నారు. 1997లో అమెరికాలో గ్రాంట్, డాసన్ అనే పరిశోధకులు ప్రచురించిన లెక్క ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. పదిహేనేళ్లు నిండకముందే తాగుడు మొదలుపెట్టినవారిలో నూటికి 40 మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వ్యసనంలో పడ్డారు. ఇరవై తర్వాత మొదలుపెట్టినవారిలో పదిమంది. ఆ తేడా అంతా ఆ గుక్క వల్లే అని నేను అనను. అలా పోసే ఇళ్లు వేరే రకంగా కూడా వేరుగానే ఉంటాయి. కానీ ఆ గుక్క పోయవలసిన అవసరం ఏముంది?

మా వైపు పిల్లల సంగతి మీకు తెలిసిందే. వర్షాలు లేకపోతే ఊరికి ఊరు సుగ్గికి పోతుంది, గుంటూరు మిరప కోతలకు. పిల్లలు జేజి దగ్గర మిగులుతారు, లేదంటే సీజనల్ హాస్టల్లో ఉంటారు. తిరిగి వచ్చిన నాయన చేతిలో డబ్బు ఉంటుంది, ఇంట్లో అలవాటు తప్పిన పిల్లలు ఉంటారు. ఆ వారం రోజుల్లో తరగతి గదిలో తెలిసిపోతుంది. గేటు తీయకముందే వచ్చి కూర్చునేవాడు, గంట కొట్టినా కదలనివాడు, మధ్యాహ్నం అన్నం తినగానే బల్ల మీద తల పెట్టి నిద్రపోయేవాడు. నేను ఎవరినీ ఇంటి సంగతులు అడగను. నిద్రపోతే పోనిస్తాను. సాయంత్రం నల్లబల్ల తుడిచే పని అప్పగిస్తాను, ఇంకో అరగంట బడిలో ఉండటానికి వాడికి ఒక సాకు దొరుకుతుంది. ఒక్క మాట మాత్రం చెబుతాను: "మీ నాయన తాగడానికి కారణం నువ్వు కాదు." ఈ మాట విన్న పిల్లలు కొందరు నన్ను చూసిన చూపు మరిచిపోలేను. వాళ్లు నిజంగానే తామే కారణం అనుకుంటారు, మార్కులు తక్కువ వచ్చాయనో, పలక పగలగొట్టామనో.


వేరుశనగ రైతు (కళ్యాణదుర్గం)

హంద్రీ ఒడ్డు గారు అడిగిన దానికి జవాబు. ఉన్నారు. మా మేనమామ. ఆరో తరగతిలో నన్ను వాళ్ల ఊరికి తీసుకుపోయాడు, రాయదుర్గం వైపు. తమ్ముడు చంటివాడని అమ్మ వదల్లేదు. మామ చదువుకోలేదు, పెద్దగా మాట్లాడే మనిషి కూడా కాదు. పొద్దున కాడి కట్టేటప్పుడు నన్ను లేపేవాడు, రాత్రి నేను తిన్నాకే తను తినేవాడు. పది పాసయ్యేదాకా అక్కడే ఉన్నాను.

పట్టుదల ఉండాలన్న మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను. అయితే పట్టుదల పెరగడానికి కూడా ఒక చోటు కావాలి. మా తమ్ముడికి అది దొరకలేదు. వాణ్ణి ఆసుపత్రికి తీసుకురావాలంటే ఎలా మొదలుపెట్టాలి? తిట్టి, కాళ్లు పట్టుకుని, ఒట్లు పెట్టించి అన్నీ అయ్యాయి.


ఖాద్రి కొండ (కదిరి, ప్రస్తుతం బెంగళూరు)

నేను చాలా ఏళ్లుగా ఆల్కహాలిక్స్ ఎనానిమస్ (తాగుడు మానాలనుకునేవారు కలుసుకుని ఒకరికొకరు తోడు నిలిచే సంస్థ) సమావేశాలకు వెళుతున్న మనిషిని. తాగి ఉన్నప్పుడు మాట్లాడకండి రైతు గారూ. పొద్దున, తలనొప్పితో సిగ్గుపడుతూ కూర్చున్న గంటలో మాట్లాడండి. తప్పులు ఎంచవద్దు. "నిన్న రాత్రి బావి గట్టు మీద పడి ఉన్నావు, నాకు భయమేసింది, రేపు బండి తెస్తాను, ఇద్దరం వెళదాం" అంటే చాలు. అప్పు తీర్చడం, తప్పు కప్పిపుచ్చడం ఆపండి, తాగని రోజున మాత్రం పక్కన కూర్చుని అన్నం తినండి. ధర్మవరం అక్కయ్యకు కూడా ఇదే మనవి: మీ తమ్ముడి బాకీలు మీరు కట్టినంత కాలం అవి అతనికి బరువనిపించవు.

ఇప్పుడు మిల్లు వీధి తమ్ముడి నోటుబుక్కు. మా సంస్థ 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో మొదలైంది. మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన బిల్ విల్సన్‌కు పదేళ్లు దాటేసరికి తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు, తల్లి చదువు కోసం వెళ్లింది, తాతా అమ్మమ్మల దగ్గర పెరిగాడు. మా పన్నెండు మెట్లలో నాలుగోది తన జీవితాన్ని తాను భయపడకుండా తరచి చూసుకోవడం. ఐదోది దాన్ని ఇంకొక మనిషికి విప్పి చెప్పడం. ఈ రెండింటినీ విడదీయకూడదని నా అనుభవం. ఒంటరిగా అర్ధరాత్రి కూర్చుని రాస్తే ఆ రాతే దుకాణం దాకా నడిపించవచ్చు. పగటిపూట రాయి, పేజీ నిండగానే మూసెయ్యి, అదే వారంలో కౌన్సెలర్‌కు చదివి వినిపించు. చేతులు వణికితే ఆపు, నెల తర్వాత రాయి. తొందరేమీ లేదు. ముందు తాగకుండా ఉండటం నిలబడాలి.

తండ్రి మీద నెపం అంటున్నావు. నేను మా నాన్న గురించి రాసినప్పుడు ఆయన తండ్రి ఎలాంటివాడో మొదటిసారి ఆలోచించాను. అప్పటిదాకా నాకు ఆయన ఒక భయం మాత్రమే. రాశాక మనిషిగా కనిపించాడు. క్షమించానా అంటే ఇంకా చెప్పలేను. కానీ ఆయనలా కాకూడదనే మొండితనంతో బతకడం తగ్గింది. ఆ మొండితనమే నన్ను సగం తాగించింది.

తాగేవారి కుటుంబాల కోసం అల్-అనాన్ అని ఒకటి 1951 నుంచి ఉంది. వాళ్ల దగ్గర ఒక మాట ఉంది, టీచరమ్మ చెప్పిన దానికి దగ్గరగా: ఈ జబ్బు నీ వల్ల రాలేదు, దాన్ని నువ్వు అదుపు చేయలేవు, నయం చేయలేవు. చెన్నైలో శాంతి రంగనాథన్ గారు భర్తను ఈ వ్యసనానికే పోగొట్టుకుని 1980లో చికిత్సా కేంద్రం స్థాపించారు. ఇంటివాళ్లకు కూడా వైద్యం కావాలని మొదటి నుంచీ నమ్మిన మనిషి ఆమె.


గుత్తి కోట (అనంతపురం)

నాకు పంతొమ్మిదేళ్లు, హాస్టల్లో ఉంటాను. మా నాన్న ఇప్పటికీ తాగుతాడు. స్నేహితులతో కలిసి నేనూ కొన్నిసార్లు బీరు తాగాను. వాళ్లు రెండు సీసాలకే తూలుతారు, నాకు నాలుగు తాగినా ఎక్కదు. అందుకే నాకేమీ కాదని ధైర్యం. ఇది చదివాక అనుమానం వచ్చింది.


హంద్రీ ఒడ్డు (కర్నూలు)

తమ్ముడూ, ఇప్పుడే అడిగావు, మంచిదైంది. ఎక్కకపోవడం ధైర్యం ఇచ్చే సంగతి కాదు, హెచ్చరిక. మార్క్ షుకిట్ అనే అమెరికా వైద్యుడు వ్యసనపరుల కొడుకులకూ ఇతరులకూ కొలిచి ఒకే మోతాదు ఇచ్చి చూశాడు. తాగే తండ్రి ఉన్న కుర్రాళ్లలో చాలామందికి మత్తు తక్కువగా తెలిసింది. ఏళ్ల తర్వాత మళ్లీ పరిశీలిస్తే, అలా తక్కువగా ఎక్కినవారే ఎక్కువగా వ్యసనంలో పడ్డారు. మిగతావారికి ఒళ్లు చెబుతుంది, చాలు ఆపు అని. నీ ఒళ్లు ఆ మాట ఆలస్యంగా చెబుతుంది. నీ స్నేహితులకు సరిపడే లెక్క నీకు సరిపడదు. నీ విషయంలో ముట్టకపోవడమే మేలని నిర్మొహమాటంగా చెబుతున్నాను. ఇంటి బెంగ ఎవరితోనైనా మాట్లాడాలంటే 14416కి తెలుగులోనే ఫోన్ చేయవచ్చు.


మిల్లు వీధి (ఆదోని)

అందరికీ ఒక్కొక్కరికి విడిగా జవాబు రాయలేకపోతున్నాను, మన్నించండి.

ఖాద్రి కొండ అన్న చెప్పినట్టే పగటిపూట కూర్చుని ఒక పేజీ రాశాను. రాస్తుంటే అమ్మ వచ్చి ఏమిటని అడిగింది. చదివి వినిపించాను. తిడుతుందనుకున్నాను. చాలాసేపు పలకలేదు. తర్వాత, మా జేజినాయన నాయనను పదేళ్లకే మిల్లులో పనికి పెట్టి, వారం కూలి తానే తీసుకుని తాగేవాడని చెప్పింది. నాకు ఇన్నేళ్లలో తెలియని సంగతి. అమ్మ ఇంకా చెప్పాలనుకున్నట్టు కనిపించింది. వచ్చే వారం కౌన్సెలర్ దగ్గరికి తననూ రమ్మన్నాను. వస్తానంది.

మా వాడికి టీచరమ్మ మాట చెప్పాను. "నేను తాగింది నీ వల్ల కాదు, నాకు జబ్బు, మందులు వాడుతున్నాను, కాళ్లు చూడాలనిపిస్తే చూడు, నేను ఏమీ అనుకోను" అన్నాను. వాడు "మందులు రాత్రి కూడా వేసుకోవాలా?" అని అడిగాడు. అవునన్నాను. ధర్మవరం అక్కా, వాడు ఇప్పుడు ఆ మాత్రల లెక్క చూసే పని నెత్తిన వేసుకుంటాడేమోనని నాకు బెంగ పట్టుకుంది. ఆ పని మా ఆవిడదని చెప్పమంటారా?


మగ్గం చప్పుడు (ధర్మవరం)

చెప్పు తమ్ముడూ, ఈ రోజే చెప్పు. ఆ మాత్రల డబ్బా వాడికి అందని చోట పెట్టు. వాడి పని ఆడుకోవడం.


బుగ్గవంక (కడప)

పొడి పారేశాను. నిన్న 181కి ఫోన్ చేశాను, మాట్లాడారు. ఆయన నిన్న పొద్దున మెలకువలో ఉన్నప్పుడు పాప సంగతి చెప్పాను, పక్క తడుపుతోందని. తల వంచుకుని విన్నాడు. ఆసుపత్రికి వస్తాననలేదు, రాననీ అనలేదు. ఆయన రాకపోయినా నేనూ పాపా వెళ్లవచ్చా? వెంట ఏమేమి తీసుకువెళ్లాలి?


హంద్రీ ఒడ్డు (కర్నూలు)

తప్పకుండా వెళ్లవచ్చు అక్కా. తాగే మనిషి లేకుండా ఇంటివాళ్లు మాత్రమే వచ్చినా చూస్తారు, చాలా ఇళ్లలో వైద్యం అలాగే మొదలవుతుంది. 2019లో ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరే ఏదో ఒక వైద్యం పొందారు. ఆ ఒక్కరు ఆసుపత్రి గడప తొక్కేలోపు మీలాంటివారు ఒకరు ముందుగా వచ్చి ఉంటారు. మీ ఊళ్లోని ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి ఉదయమే వెళ్లి ఓపీ చీటీ తీసుకోండి. ఆధార్ కార్డు, పాపకు ఇదివరకు వాడిన మందుల చీటీలు, ఆయన ఏ వేళకు తాగుతాడో, ఎంత తాగుతాడో, ఆపినప్పుడు వణుకు గానీ ఫిట్స్ గానీ వచ్చాయో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. మీకు తగిలిన దెబ్బలుంటే అవి కూడా చూపించి రాయించుకోండి. పాపను మొదట లోపలికి తీసుకువెళ్లకండి. మీరు మాట్లాడినంతసేపు బయట కూర్చోబెట్టడానికి మీ అమ్మగారో చెల్లెలో వెంట ఉంటే మంచిది.